జనపదకల్యాణి: బౌద్ధ చరిత్రలో స్త్రీ దేహం, అలంకారం, కులం

2025 మే 12, బుద్ధ పూర్ణిమ. ప్రపంచ సుందరి పోటీల కోసం హైదరాబాదుకు వచ్చిన యువతులలో ఆసియా ప్రాంతానికి చెందిన కొందరిని ఆనాడు నాగార్జునసాగర్ సమీపంలోని బుద్ధవనానికి తీసుకొని వెళ్లారు. 274 ఎకరాల ఆ వనంలో అమరావతి మహాచైత్యాన్ని అనుసరించి కట్టిన మహాస్తూపం ఉన్నది. వారు అక్కడ వందనం చేశారు, ధ్యానంలో కూర్చున్నారు. రెండు రోజుల తరువాత రామప్ప గుడిలోనికి వెళ్లే ముందు మరికొందరు పోటీదారులు కాళ్లు కడుగుకొంటుండగా స్థానిక స్త్రీలు నీళ్లు పోసి, తువ్వాలుతో పాదాలు తుడిచారు. ఆ దృశ్యం మీద పెద్ద దుమారం రేగింది. రేగవలసినదే. అయితే బుద్ధ పూర్ణిమనాటి దృశ్యాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చరిత్ర చదువుకొన్నవాడినిగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది అదే. అందాల రాణి అనే భావన బౌద్ధ వాఙ్మయానికి కొత్తది కాదు. ఆమెను గురించి బుద్ధుడు మాట్లాడాడు, ఆమె ఇంట భుజించాడు. ఆమె తన దేహాన్ని గురించి తానే చెప్పుకొన్న గాథలు ఇరవై మూడు శతాబ్దాలకు పైబడి నిలిచి ఉన్నాయి.

పాళీలో ‘జనపదకల్యాణి’ అనే మాట ఉన్నది. ఒక జనపదమంతటిలోనూ మిక్కిలి అందగత్తె అని అర్థం. నేటి ‘మిస్ ఇండియా’ అనే బిరుదుకు ఇంతకంటె చక్కని అనువాదం దొరకదు. దీఘనికాయంలోని పొట్ఠపాద సుత్తంలో బుద్ధుడు ఈమెను ఒక ఉపమానంలోనికి తెచ్చాడు. ఒక పురుషుడు ఈ దేశపు జనపదకల్యాణిని ప్రేమిస్తున్నానని చెప్పుకొంటాడు. ఆమె క్షత్రియ స్త్రీయా, బ్రాహ్మణియా, వైశ్య స్త్రీయా, శూద్ర స్త్రీయా అని అడిగితే తెలియదంటాడు. పేరేమి, గోత్రమేమి? తెలియదు. పొడవా, పొట్టా, నడి ఎత్తా? నల్లనిదా, చామనఛాయా, బంగారు వన్నెదా? ఏ ఊరు? ఒక్కటీ తెలియదు. ఎన్నడూ చూడనిదానిని ప్రేమిస్తున్నానని చెప్పే ఆ మనిషి మాట ఎంత అర్థరహితమో, ఎన్నడూ చూడని పరలోక సుఖాలను బోధించేవారి మాట అంత అర్థరహితమని ఆ ఉపమాన భావం.

ఉపమానం తత్త్వానికి సంబంధించినదే. కాని చరిత్రకారుని కన్ను ఆ ప్రశ్నల వరుస మీద ఆగుతుంది. కులం, గోత్రం, ఎత్తు, రంగు, ఊరు. ఈ వారపు దినపత్రికలో వచ్చిన పెళ్లి ప్రకటనల పుటను దాని పక్కన పెట్టి చూడండి. వరుస సైతం మారలేదు. స్త్రీని అందగత్తె అని నిర్ణయించే ముందు సమాజం ఏమేమి అడుగుతుందో ఆనాటికే స్థిరపడిపోయింది. అందులో మొట్టమొదటి ప్రశ్న కులం.

అందం ఊరికి ఆదాయ మార్గమన్న ఆలోచన కూడా అంత పాతదే. వినయ పిటకంలోని మహావగ్గలో ఎనిమిదవ ఖంధకం భిక్షువుల చీవరాలను గురించినది. వస్త్రాలను గురించిన ఆ అధ్యాయం అంబపాలి ప్రస్తావనతో మొదలవుతుంది. వైశాలి సిరిసంపదల నగరం. దాని చెరువులు, మేడలు, ఉద్యానవనాలతో పాటు అంబపాలి అనే గణిక కూడా దాని వైభవంలో ఒక భాగం. రాత్రికి ఆమె వెల యాభై కహాపణాలు. ఆమె వలన నగరం మరింత వర్ధిల్లింది. పనిమీద వైశాలికి వెళ్లిన రాజగృహ శ్రేష్ఠి ఒకడు ఇదంతా చూచి వచ్చి, మన నగరానికి కూడా అటువంటి గణిక ఒకతె ఉండాలని బింబిసారునికి విన్నవించాడు. రాజు సరేనన్నాడు. సాలవతి అనే కన్యను ఏర్పాటు చేశారు. ఆమె వెల నూరు. ఒక నగరాన్ని చూచి మరొక నగరం పోటీ పడటం, రాజ్యం అనుమతి ఇవ్వడం, అందమైన దేహం నగర ప్రచారానికి సాధనం కావడం, అన్నీ అందులో ఉన్నాయి. ‘తెలంగాణ జరూర్ ఆనా’ అనే పర్యాటక నినాదంతో 2025లో ప్రపంచ సుందరి పోటీలను నిర్వహించిన అధికారులు మహావగ్గ చదివి ఉండరు. చదవనవసరం కూడా లేకపోయింది.

వైశాలిలో అంబపాలికి పెళ్లి లేదు. ఆమెకోసం రాజకుమారులు కలహించారనీ, కలహం తీర్చడానికి ఆమెను అందరి సొత్తుగా నిర్ణయించారనీ అట్ఠకథలు చెబుతాయి. ఆమె అభిప్రాయం అడిగినట్లు ఎక్కడా లేదు. తెలుగు నేలపై జోగినుల చరిత్ర తెలిసినవారికి ఈ తీర్పు కొత్తగా తోచదు. అంబపాలికి మేడలు, తోటలు దక్కాయి. మాల, మాదిగ వాడల ఆడపిల్లలకు అవీ దక్కలేదు. ఊరి సొత్తు అన్న ముద్ర మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

బుద్ధుని అంతిమ యాత్రను వర్ణించే మహాపరినిబ్బాన సుత్తంలో ఈమె మళ్లీ కనబడుతుంది. భగవానుని మరునాటి భోజనానికి ఆహ్వానించి రథంలో తిరిగి వస్తూ ఉండగా లిచ్ఛవి యువకులు ఎదురయ్యారు. ఆ భోజన అవకాశాన్ని తమకు ఇస్తే లక్ష ఇస్తామన్నారు. వైశాలి మొత్తాన్ని దాని పరిసరాలతో సహా ఇచ్చినా ఇవ్వనన్నది ఆమె. నగరం వెల కట్టిన స్త్రీ ఆ నగరానికే వెల కట్టి, చాలదని తిప్పి పంపిన ఘట్టం అది. బుద్ధుడు కూడా లిచ్ఛవుల ఆహ్వానాన్ని కాదని ఆమె ఇంటనే భుజించాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతిని పరిశీలించాలి. ఆ ఘట్టంలో వేషధారణ వర్ణన ఉన్నది. కొందరు నీలి వస్త్రాలు, నీలి నగలు, కొందరు పసుపు, కొందరు ఎరుపు, కొందరు తెలుపు, ఒంటి రంగు కూడా దానికి తగినట్లే. వర్ణన అంతా లిచ్ఛవి పురుషులది. అంబపాలి ఏమి కట్టిందో, ఎట్లున్నదో సుత్తం ఒక్క మాట చెప్పదు. ఆమె ఏమన్నదో మాత్రం చెబుతుంది. ఫ్యాషన్ ఆడవారి వ్యసనమని తేలికగా అనేవారికి ఆ పుట చూపవచ్చు.

ఆమె దేహ వర్ణన థేరీగాథలో ఉన్నది. అది ఆమె స్వయంగా చేసినది. భిక్ఖుణి అయి ముసలితనం వచ్చిన తరువాత అంబపాలి చెప్పిన పందొమ్మిది గాథలలో జుట్టు మొదలుకొని కనుబొమలు, కళ్లు, ముక్కు, పళ్లు, కంఠస్వరం, మెడ, చేతులు, పాదాల వరకు ఒక్కొక్క అవయవం యవ్వనంలో ఎట్లుండెనో, నేడు ఎట్లున్నదో వరుసగా సాగుతుంది. మన ప్రబంధ కవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించారు, చూచేవాడు, వర్ణించేవాడు పురుషుడు, ఆమె పలకదు. అంబపాలి ఆ పద్ధతినే చేతిలోనికి తీసుకొని తన కళ్లతో తన దేహాన్ని చూచింది. అందులో ఏడుపు లేదు. దేహం మీద అసహ్యమూ లేదు. మారుతున్నదానిని మారుతున్నదిగా చూచి, సత్యం చెప్పినవాని మాట తప్పలేదని ప్రతి గాథ చివర ధ్రువపరుస్తుంది. విమల అనే మరొక థేరి తాను గణికగా ఉన్ననాడు ఒళ్లంతా అలంకరించుకొని, యవ్వన గర్వంతో ఇతర స్త్రీలను చులకన చేసిన సంగతిని దాచకుండా చెప్పింది. జీవకుని మామిడితోటలో ఒకడు అడ్డగించి కళ్ల అందాన్ని పొగడితే సుభ ఆ కన్నునే పెరికి అతని చేతిలో పెట్టింది. ఆ కథ చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. వేధించినవాడు నిక్షేపంగా ఉండి, ఆమె కన్ను పోవలసి రావడం ఏమి న్యాయమన్న ప్రశ్న కూడా పుడుతుంది. సుభ కన్ను తిరిగి వచ్చిందని గాథ ముగుస్తుంది కనుక ఊరట.

అట్లని మన వాఙ్మయమంతా స్త్రీ పక్షమని చెప్పడం సత్యం కాదు. సాలవతి కూతురు సిరిమ కథ ధమ్మపద అట్ఠకథలో ఉన్నది. రాత్రికి వేయి కహాపణాలు పుచ్చుకొన్న ఆమె హఠాత్తుగా మరణిస్తే, శవాన్ని దహించకుండా ఉంచి, నాలుగవ రోజున ఉబ్బిపోయిన ఆ దేహాన్ని భిక్షువులకూ, పౌరులకూ చూపించారు. వేయికి ఎవరు తీసుకొంటారని చాటించి, తగ్గిస్తూ తగ్గిస్తూ ఊరకనే ఇస్తామన్నా ఎవరూ రాలేదు. అనిత్యతను బోధించే కథే. కాని పురుషుని వైరాగ్యానికి పాఠ్యవస్తువుగా మళ్లీ స్త్రీ దేహమే కావలసి వచ్చింది. లిజ్ విల్సన్ అనే అమెరికన్ పండితురాలు 1996లో ప్రచురించిన ‘చార్మింగ్ కడావర్స్’ అనే గ్రంథం మొత్తం ఈ ప్రశ్న మీదనే నడిచింది. అందంగా ఉన్నా, కుళ్లిపోయినా చూడబడేది స్త్రీయే, చూచేది పురుషుడే అని ఆమె విమర్శ సారం. మనం నొచ్చుకోనవసరం లేదు. గ్రంథాలను అనుమానించడం మనకు నేర్పినవాడు బాబాసాహెబే. 1951లో కలకత్తా ‘మహాబోధి’ పత్రికలో హిందూ స్త్రీ ఉత్థాన పతనాలపై రాసిన వ్యాసంలో, స్త్రీలను చూడవద్దని బుద్ధుడు ఆనందునితో అన్నట్లున్న సుత్త భాగం తరువాతి భిక్షువులు చేర్చినదని ఆయన వాదించాడు. చదివినదంతా బుద్ధవచనమని తల ఊపక, బుద్ధుని నడవడితో సరిపోల్చి చూడటం ఆయన పద్ధతి. ఆ పద్ధతిలో చూస్తే సిరిమ శవానికి, అంబపాలి గాథలకు మధ్య ఉన్న దూరం స్పష్టమవుతుంది. ఒకచోట ఆమెను చూపించారు. మరొకచోట ఆమె చూచింది.

మన అమరావతి రాళ్లలోనూ ఈ రెండూ ఉన్నాయి. చెన్నై మ్యూజియంలోనో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనో ఆ ఫలకాలను చూచినవారికి మొదట కనబడేది స్త్రీ దేహమే: సన్నని నడుము, బరువైన మొలనూళ్లు, కాళ్లకు దొంతరలుగా అందెలు, ఉన్నదో లేదో తెలియని పలుచని వస్త్రం. వారిలో చాలమందికి పేరు లేదు. అదే రాళ్ల మీద చిన్న బ్రాహ్మీ అక్షరాలలో దానశాసనాలు ఉన్నాయి. అక్కడ స్త్రీలకు పేర్లు ఉన్నాయి; దేహ వర్ణన లేదు. భిక్ఖుణులు, ఉపాసికలు, శిష్యురాళ్లు, తల్లులు, కూతుళ్లు, భార్యలు. ఏమి ఇచ్చిందన్నదే ఆమె గుర్తింపు. నాగార్జునకొండలో మహాచైత్యానికి దాత్రి అయిన ఇక్ష్వాకు రాజసోదరి చాంతసిరిని శాసనం దానగుణంతో పొగడుతుందే తప్ప సౌందర్యంతో కాదు. సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిసిరి విషయమూ అంతే.

అమరావతి శాసనాలలో నాకు అత్యంత ప్రియమైనది విధికునిది. అతడు చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానం చేశాడు. అటువంటి పూర్ణఘటమే ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోనికి ఎక్కింది. తోలు పని చేసేవాని తండ్రి ఉపాధ్యాయుడు కావడం, అతని ఇంటి ఆడవారు దాతలుగా మహాచైత్యం రాతి మీదికి ఎక్కడం ఈ నేల మీద ఒకప్పుడు జరిగినవి.

ధమ్మం కనుమరుగైన తరువాత ఆ ఇంటి ఆడవారి ఒంటి మీద రాసే అధికారం ఇతరుల చేతికి పోయింది. మనుస్మృతి పదవ అధ్యాయం చండాలుర వేషాన్ని నిర్దేశిస్తుంది: శవాల మీద నుండి తీసిన బట్టలు, పగిలిన పాత్రలలో తిండి, ఇనుప నగలు. నగ కూడా శిక్ష కాగలదని తెలిపే శాస్త్రం అది. బంగారం ఎవరికి, వెండి ఎవరికి, ఇత్తడి, ఇనుము ఎవరికి అన్న లెక్క దక్షిణాన, ఉత్తరాన ఊరూరా ఆచారమై కూర్చున్నది. చీర మోకాలి కింద ఎంత దిగవచ్చు, రవిక తొడగవచ్చునా అన్నదీ ఆ లెక్కలోనిదే. ఉత్తరాంధ్ర పల్లెల్లో రవిక లేకుండా చీర చుట్టుకొన్న ముసలమ్మలను మన తల్లిదండ్రుల తరం చూచింది. అందులో శ్రమకు అనువు ఉన్నది, పేదరికం ఉన్నది. ఎక్కడ ఏది ఎంతో విడదీయడం కష్టం.

తిరువాన్కూరులో విడదీయనవసరం లేదు. అక్కడ అది చట్టం. నాడార్ స్త్రీలు రొమ్ములు కప్పుకోరాదు. క్రైస్తవం పుచ్చుకొన్న నాడార్ స్త్రీలు కుట్టిన రవికలు తొడిగితే 1820ల నుండి వీథుల్లో చింపివేశారు; ఇళ్లు తగలబెట్టారు. చివరకు 1859 జూలై 26న మహారాజు ప్రకటన వెలువడింది. నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకోవచ్చు. అయితే అగ్రకుల స్త్రీలు కప్పుకొనే తీరులో మాత్రం కప్పుకోరాదు! బట్ట ఇచ్చి, భేదాన్ని నిలిపిన ఆ ఒక్క వాక్యం చాలు, కులవ్యవస్థలో వస్త్రం పని ఏమిటో తెలియడానికి. ఒళ్లు దాచడం దాని రెండవ పని. మొదటి పని దూరం నుండే మనిషిని గుర్తు పట్టించడం.

ఈ సంగతిని మహాడ్‌లో బాబాసాహెబ్ సూటిగా పట్టుకొన్నాడు. 1927 డిసెంబర్ 25 సాయంత్రం మనుస్మృతి దహనం జరిగింది. ఆ సభ ముగిసే వేళ ఆయన స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడాడు. మీరు చీర కట్టే తీరే మీ అంటరానితనానికి ఆనవాలుగా ఉన్నది, ఆ ఆనవాలును చెరిపివేయండి అన్నది దాని సారాంశం. మోకాళ్ల పైకి కట్టే చీరను పాదాల వరకు దించమన్నాడు. మెడనిండా దండలు, మోచేతి దాకా కడియాలు వద్దన్నాడు. నగ ఉంటే మంచిది ఉండాలి, లేదా అసలే వద్దు. కొత్త కట్టుకు అదనంగా ఖర్చు కాదని కూడా గుర్తుచేశాడు. అక్కడున్న స్త్రీలు వినివెళ్లి ఊరుకోలేదు. ఉద్యమానికి తోడు నిలిచిన కాయస్థ మిత్రుల ఇళ్ల స్త్రీలు కట్టు నేర్పగా, వీరు నేర్చుకొని కొత్త కట్టుతోనే ఊళ్లకు తిరిగి వెళ్లారు. మనుస్మృతిని కాల్చడానికి ఒక చితి, కొందరు పురుషులు చాలారు. మనుస్మృతి చెప్పిన నగను ఒంటి మీద నుండి తీసి, కొత్త చీరకట్టుతో పాత ఊరి వీథిలో నడచినవారు స్త్రీలు. దాడి జరిగితే మొదట జరిగేది ఆ ఒంటి మీదనే.

ఇది అగ్రకులాల అనుకరణ కాదా అని నేటి విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. తిరువాన్కూరు ప్రకటనను గుర్తుంచుకొన్నవారికి జవాబు తోస్తుంది: ఏ తీరును నిషేధించారో ఆ తీరునే కోరడం అనుకరణ అనిపించుకోదు, అది నిషేధాన్ని రద్దు చేయడం. అయితే ఆ మార్పుకు మరొక ముఖం ఉన్నమాటను కూడా దాచరాదు. ‘గౌరవనీయమైన’ వేషం ఒకటి ఏర్పడితే, దానిలో ఇమడని స్త్రీ సంగతి ఏమిటి? 1936 జూన్‌లో బొంబాయిలో దేవదాసీలు, జోగతినులు మొదలైనవారి సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్ కామాఠీపుర స్త్రీలను ఆ జీవితం విడిచి రమ్మన్నాడు. ఆ పేట పేరు మన తెలుగు ప్రాంతం నుండి వెళ్లి బొంబాయిని కట్టిన ‘కామాఠీ’ కూలీల పేరున వచ్చినదే. ఆయన ఆవేదనలో నిజం ఉన్నది. ఆ వృత్తిలోనికి ఏ కులం పిల్లలను తోశారో ఆయనకు తెలియనిది కాదు. కాని విడిచి వచ్చే దారి లేని స్త్రీ ఏమి చేయాలి? తమాషా కళాకారిణుల జీవితాలపై పరిశోధించిన శైలజా పాయిక్, 2024లో మక్‌ఆర్థర్ ఫెలోషిప్ పొందిన మన చరిత్రకారిణి, ఈ ప్రశ్ననే వదలకుండా అడుగుతున్నది. వైశాలిలో అంబపాలి భోజనం పెట్టిననాటికి ఆమె ఇంకా గణికయే. బుద్ధుడు ఆమె ముందు ఏ షరతూ పెట్టలేదు. ఈ రెండు సందర్భాలను పక్కపక్కన ఉంచి ఆలోచించడం బాబాసాహెబ్‌కు అగౌరవమని నేను అనుకోను.

తెలుగు నాట ఈ పనిని ముందుగా చేపట్టినవాడు భాగ్యరెడ్డివర్మ. 1888లో పుట్టి 1939లో మరణించిన ఆయన 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, జోగిని, మురళి దురాచారాల మీద ఏళ్ల తరబడి పోరాడాడు. బుద్ధుని వైపు ఆకర్షితుడై హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపాడు. పసుపు పూసి, పూలు పెట్టి, పెళ్లికూతురిని చేసి ఊరికి అప్పగించే ఆ తంతులో అలంకారమే బేడీ. చట్టం మాత్రం చాల ఆలస్యంగా, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చింది.

1956 అక్టోబర్ 14న నాగపూర్ దీక్షాభూమికి లక్షల మంది తెల్లని వస్త్రాలతో వచ్చారు. ఛాయాచిత్రాలలో సవితా అంబేద్కర్ కూడా తెల్లచీరలోనే ఉన్నారు. తెలుపు శుభ్రతకు, ఉపాసకత్వానికి గుర్తు అని మనం చెప్పుకొంటాము. దాని మరొక బలాన్ని అంతగా చెప్పుకోము. మన సమాజంలో తెల్లచీర విధవకు విధించిన వేషం. గాజులు పగులగొట్టి, బొట్టు చెరిపి కట్టబెట్టేది. భర్త పక్కన ఉండగా, పిల్లలను చంకన వేసుకొని, ఆ తెల్లచీరనే పండుగ చీరగా కట్టుకొని వచ్చిన వేలాది స్త్రీలు ఆనాడు ఒక్క మాట పలకకుండా ఆ అపశకునాన్ని కాలికింద తొక్కివేశారు.

మరి మన ఉక్కు నగరం సంగతి. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె పోసిననాటి కట్టడం పనులలో ఇటుకా, మట్టీ మోసిన ఆదివాసీ కూలి స్త్రీలను ‘రేజా’లన్నారు. కొలిమిని కట్టిన టాటా సంస్థలే 1952లో ‘లాక్మే’ను కూడా పుట్టించాయి. పేరు ఒక ఫ్రెంచి సంగీత నాటకంలోని నాయికది. లక్ష్మి అన్న మాటకు ఫ్రెంచి ఉచ్చారణ. కథలో ఆమె బ్రాహ్మణ పూజారి కూతురు. స్వతంత్ర భారత స్త్రీ ముఖానికి పూసుకొన్న స్వదేశీ పూతకు దొరికిన పేరు అది! 1975లో మరొక కంపెనీ ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ని తెచ్చింది. తెల్లబడితే ఉద్యోగమూ, పెళ్లికొడుకూ దొరుకుతారని నలభై ఐదేళ్లు చెప్పి, 2020లో లోకమంతా వర్ణవివక్షపై మండిపడినపుడు పేరులోని ‘ఫెయిర్’ను మాత్రం తీసి ‘గ్లో’ అన్నది. నాయోమి వుల్ఫ్ 1990లో ‘ద బ్యూటీ మిత్’లో చూపినది ఈ సంబంధాన్నే: స్త్రీ చదువులోనూ, ఉద్యోగంలోనూ ముందుకు వెళ్లిన కొద్దీ ఆమె దేహం మీద కొలతల ఒత్తిడి పెరుగుతుంది. మన దేశంలో ఆ కొలతకు కులం కూడా తోడైంది. నలుపును శ్రమకూ, శ్రమను అంటరానితనానికీ ముడిపెట్టిన దేశంలో తెల్లబడే క్రీము అమ్మేది రంగును మాత్రమే కాదు.

‘మహాబోధి’ వ్యాసాన్ని బాబాసాహెబ్ రాసినది ‘ఈవ్స్ వీక్లీ’ అనే ఆంగ్ల స్త్రీల పత్రికలో వచ్చిన ఆరోపణకు జవాబుగా. స్త్రీల పతనానికి బుద్ధుడే కారణమని అందులో రాశారు. 1966లో ప్రపంచ సుందరి అయిన తొలి భారతీయురాలు రీటా ఫరియా ఆ పత్రిక నిర్వహించిన పోటీలో గెలిచి వెళ్లినదే. 2000లో ఆ కిరీటం పొందిన ప్రియాంకా చోప్రా 1982లో పుట్టినది మన జంషెడ్‌పూర్‌లో. ఊరు గర్వపడింది. చామనఛాయ పిల్ల గెలిచిందని మన బస్తీల అమ్మాయిలు మరింత గర్వపడి ఉంటారు. ఆ తరువాత ఆమె తెల్లబడే క్రీముకు ప్రచారం చేసింది. ఇంకా తరువాత అది తప్పని బహిరంగంగా చెప్పుకొన్నది. ఆమెను నిందించడం తేలిక. జనపదకల్యాణిని జనపదమే తన ప్రశ్నలతో తయారుచేస్తుంది.

ఆ ప్రశ్నలు మన ఇళ్లలోనికి కూడా వచ్చి కూర్చున్నాయి. దీక్ష తీసుకొన్న కుటుంబాలలో బొట్టు, గాజులు, తాళి మీద చర్చ జరగని ఇల్లు ఉండదు. సభలలో పురుష వక్తలు, ధమ్మం స్వీకరించిన తరువాత ఇంకా బొట్టు ఎందుకని స్త్రీలను గద్దించడం విన్నాము. నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలలో వస్త్రాన్ని గురించి కాని, బొట్టును గురించి కాని ఒక్క మాట లేదు. దీక్షకు ముందు ప్యాంటు, చొక్కా తొడిగిన పురుషుడు దీక్ష తరువాత కూడా అవే తొడుగుతాడు. కర్మాగారం గేటు దగ్గర అతనిని ఎవరూ ఆపి అడగరు. బొట్టు తీసిన స్త్రీని మాత్రం అద్దె ఇంటి యజమానురాలి దగ్గర నుండి కుళాయి దగ్గరి పొరుగువారి వరకు అందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు: భర్త లేడా? క్రైస్తవులా? కుటుంబం మొత్తం మారిన మతానికి సాక్ష్యం ఆమె నుదుటి మీదనే వెతుకుతారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకొనే బలం తనకున్నదని ఆమె అనుకొన్ననాడు తీస్తుంది. ఉన్నా తీయనంటుందేమో, అది కూడా ఆమె నిర్ణయమే. మహాడ్ స్త్రీలకు బాబాసాహెబ్ కారణం చెప్పాడు. కట్టు మార్చుకొన్నది వారు. 1859 నాటి మహారాజు అయితే అనుమతి ఇచ్చి, హద్దు గీశాడు. మన వక్తలు తాము ఎవరి గొంతుతో మాట్లాడుతున్నారో చూసుకోవాలి.

మరొక సంగతి మరింత ఇబ్బందికరమైనది. వధూవరుల పరిచయ వేదికల కోసం అచ్చువేసే పత్రాలలో బౌద్ధ సంఘాలు ‘కులం’ గడిని తీసివేయడమో, అక్కడ ‘బౌద్ధం’ అని రాయడమో చేస్తున్నాయి. మంచిదే. దాని కింద ‘ఎత్తు’, ‘రంగు’ గడులు మాత్రం అట్లాగే ఉంటున్నాయి. పెళ్లికొడుకు పత్రంలో ఆ గడులు ఖాళీగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. జీతం గడి చూస్తారు. అమ్మాయి పత్రంలో ఖాళీగా ఉంటే ఫోను చేసి మరీ అడుగుతారు. తల్లులు నల్లని పిల్లకు ‘చామనఛాయ’ అనీ, చామనఛాయ పిల్లకు ‘తెలుపు’ అనీ రాస్తున్నారు. పొట్ఠపాద సుత్తంలోని ఆ పురుషుని ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్నను కొట్టివేసి తక్కినవాటిని మనం నకలు చేసుకొన్నాము.

వచ్చే ఏటి పత్రం అచ్చుకు పోయే ముందు దానిని మన సంఘంలోని స్త్రీల చేతికి, ముఖ్యంగా పెళ్లి కావలసిన అమ్మాయిల చేతికి, ఒక కలంతో సహా ఇవ్వమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఏ గడి ఉండాలో, ఏది పోవాలో వారే గీతలు గీస్తారు. పెళ్లికొడుకు పత్రంలో కొత్తగా ఏ గడులు చేర్చాలో కూడా వారినే రాయమందాము.